అలసిన కణాలకు ఇచ్చిన విశ్రాంతి

కొత్తగా ల్యాబుల్లో చేరిన పిల్లలు మా ఇంటికి వచ్చినప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు. మీ ఉద్యోగ జీవితంలో మీరు చేసిన పెద్ద పొరపాటు ఏమిటి మేడమ్, అని. రెండు ట్యూబుల పేర్లు తారుమారైన కథో, ఫ్రిజ్ ఆగిపోయి నమూనాలు పాడైన కథో చెబుతానని వాళ్లు ఎదురుచూస్తారు. అలాంటివి నా చేతి మీదుగా జరగలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. ముప్పై ఆరేళ్లపాటు ప్రతి ట్యూబు సంఖ్యనూ స్వహస్తంతో రెండు చోట్ల రాసుకున్న మనిషిని కాబట్టి, రుజువు చూపించగలను కాబట్టి చెబుతున్నాను. నా పొరపాటు ఒక తెలుగు మాటలో జరిగింది. ఆ మాట వల్ల రామకుప్పం వైపు ఒక రాగి రైతుకు ప్రాణం మీదికి వచ్చింది.

నా ఉద్యోగంలో ఆఖరి నాలుగేళ్లు ఒక పరిశోధన ప్రాజెక్టులో గడిచాయి. హెపటైటిస్ బి వైరస్ ఏళ్ల తరబడి కాలేయంలో తిష్ఠ వేసుకున్నవాళ్ల రక్తాన్ని పరీక్షించడం మా పని. ఆ జబ్బు పైకి కనిపించదు. మనిషి పొలానికి పోతాడు, పెళ్లిళ్లకు పోతాడు, లోపల కాలేయం మెల్లగా గట్టిపడుతూ ఉంటుంది. రోజుకు ఒక మాత్ర వేసుకుంటే వైరస్ అణిగి ఉంటుంది. డాక్టరు చెప్పకుండా ఆ మాత్ర ఆపితే అణిగి ఉన్నది ఒక్కసారిగా విజృంభిస్తుంది, కాలేయం దెబ్బతిని మనిషి పోయే ప్రమాదం కూడా ఉంది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే తక్కిన కథ మీకు తేలికగా అర్థమవుతుంది.

మన రక్తంలో వైరస్‌తో పోరాడే తెల్లకణాలు ఉంటాయి. వాటి పైపొర మీద కొన్ని గుర్తులు ఉంటాయి. వాటినే మార్కర్లు అంటాం. ఒకే వైరస్ ఏళ్ల తరబడి ఎదుటే ఉంటే కొన్ని రకాల గుర్తులు ఎక్కువగా మొలుస్తాయి. అలాంటి కణం శత్రువును చూసి కూడా ఊరుకుంటుంది. ఇంగ్లీషులో దానికి ‘ఎగ్జాస్టెడ్’ అని పేరు పెట్టారు. మాత్రలు మొదలుపెట్టాక ఆ గుర్తులు తగ్గుతాయా, ఎంత కాలానికి తగ్గుతాయి అన్నది మా ప్రాజెక్టు తేల్చవలసిన సంగతి.

సోమవారం మదనపల్లె, మంగళవారం పుంగనూరు, బుధవారం కుప్పం. మూడు ఊళ్లలో మూడు అద్దె గదులు. ఉదయం రక్తం తీయడం, అదే రోజు బెంగళూరులో ఆ గుర్తులను లెక్కపెట్టే యంత్రం దగ్గరికి చేర్చడం. కుప్పం నమూనాలు రైలెక్కేవి, తక్కినవి మా వ్యానులో వెళ్లేవి. ఈ పరీక్షకు రక్తాన్ని చల్లబరచకూడదు, గదిలో ఉండే మామూలు వేడిలోనే ఉంచాలి. పెద్దపంజాణి నుంచి వచ్చే మా డ్రైవరుకు ఇది ఎంత చెప్పినా మింగుడుపడలేదు. మదనపల్లె మార్కెట్ యార్డు ముందు టమాటా లారీల వెనక వ్యాను ఇరుక్కున్నప్పుడల్లా వెనక్కి తిరిగి నా పెట్టె వైపు జాలిగా చూసేవాడు. “సేపలు గూడా ఐసులో పోతాండాయి మేడమ్, మనిసి రక్తం ఈ ఎండలో పోవాల్నా?” అనేవాడు. రెండుసార్లు నాకు తెలియకుండా ఐసు పెట్టాడు. రెండుసార్లూ నా రిజిస్టరులోకి ఎక్కాడు. అప్పటి నుంచి నాకు ‘రిజిస్టర్ మేడమ్’ అనే పేరు స్థిరపడింది. ఆ పేరు పెట్టింది ఆయనే అని నా అనుమానం.

తక్కిన ఇద్దరి గురించి కూడా చెప్పాలి. ప్రాజెక్టు బాధ్యత ఒక కాలేయ వైద్యుడిది. నాకంటే పాతికేళ్లు చిన్నవాడు, మితభాషి, నెలకు రెండుసార్లు బెంగళూరు నుంచి వచ్చేవాడు. రోగులతో మాట్లాడి, మాత్రలు లెక్కచూసి, ధైర్యం చెప్పే కౌన్సెలర్ పుంగనూరు అమ్మాయి. వాళ్ల నాన్న కూలి పనులకు వెళ్లి చదివించాడు. ఆ కుటుంబంలో నెల జీతం తెచ్చుకున్న మొదటి మనిషి ఆమె. ఎదుటి మనిషి ఏ ఊరివాడైతే ఆ ఊరి మాటలోకి సులువుగా దిగిపోయేది. నాకు ఆ విద్య లేదు. నేను పుస్తకంలా మాట్లాడతానని మా ఇంట్లోవాళ్లే అంటారు.

ఆ రైతు కుప్పం గదికి వచ్చేవాడు. యాభై దాటిన మనిషి, అయిదో తరగతి వరకు చదివాడు, రెండెకరాల రాగి, కాస్త కూరగాయలు, ఒక జత ఎద్దులు. ప్రతిసారీ భార్య కూడా వచ్చేది. ఆమె బయట బల్ల మీద కూర్చుని, ఆయన లోపల ఏమి చెబుతున్నాడో వింటూ, తప్పు చెబితే అక్కడి నుంచే సరిదిద్దేది. నాలుగోసారి రక్తం తీస్తున్నప్పుడు ఆయన నన్ను అడిగాడు.

“అమ్మా, నాలుగు తూర్లు రక్తమిచ్చినాను. దాంట్లో ఏముండాదో నాకు సెప్పరా?”

వ్యాధికి సంబంధించిన మామూలు పరీక్షల ఫలితాలు ఇస్తున్నాం కదా అన్నాను. అవి కాదన్నాడు. బెంగళూరుకు రైల్లో పోయే ట్యూబు సంగతి అడిగాడు. “నా రక్తం నాకంటే ముందు బెంగళూరు సూసింది. ఆడేం తేలిందో దానికి తెలుసు, నాకు తెలీదు,” అన్నాడు. బయటి నుంచి ఆయన భార్య, “బాగా అడిగినావులే,” అంది.

ఆ మాట నన్ను పట్టుకుంది. మనుషుల చేతుల్లోంచి రక్తం లాగి, వాళ్లకు ఒక కాగితం ముక్క కూడా ఇవ్వకపోవడం నాకు అన్యాయంగా తోచింది. డాక్టరుగారు వచ్చిన రోజు చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. ఇవి పరిశోధన కోసం తీసే లెక్కలు, వీటిని బట్టి చికిత్స మారదు, చికిత్స మారని విషయం చెప్పి మనిషిని అయోమయంలో పడేయకూడదు అన్నారు. నేను ఊరుకోలేదు. చదువు తక్కువవాళ్లకు విషయం చెప్పకపోవడానికి ఇంతకంటే మర్యాదైన సాకు నేను వినలేదని ముఖం మీదే అన్నాను. మూడు ఉత్తరాలు రాశాను. పై కార్యాలయానికి ఒకటి, ఎథిక్స్ కమిటీకి రెండు. నకళ్లు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. చివరికి అనుమతి వచ్చింది. రోగికి అర్థమయ్యే తెలుగులో అర పేజీ చీటీ ఇవ్వవచ్చు, తెలుగు పాఠం సిద్ధం చేసే బాధ్యత నాదే.

అంత పోరాడి సాధించిన పనిని నిర్లక్ష్యంగా చేస్తానా? రెండు వారాలు కూర్చున్నాను. ‘ఎగ్జాస్టెడ్’ అన్న మాట దగ్గర కలం ఆగింది. ‘క్షీణించిన’ అంటే మనిషి భయపడతాడు. ‘నిర్వీర్యమైన’ అంటే ఇంకా భయపడతాడు. ‘అలసిపోయిన’ అని రాసి చూసుకున్నాను. మెత్తగా ఉంది, అందరికీ తెలిసిన మాట, ఎవరినీ బెదరగొట్టదు. చీటీలో వాక్యం ఇలా తయారైంది: ‘మీ రక్తంలో వైరస్‌తో పోరాడే కణాలలో కొన్ని అలసిపోయిన స్థితిలో ఉన్నాయి. దీర్ఘకాలిక జబ్బులో ఇది సహజమే. ఆందోళన చెందవద్దు.’

కౌన్సెలర్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. “మేడమ్, మా పక్క అలిసిపోయినాది అంటే…” అని మొదలుపెట్టింది. ఆమె మాట పూర్తి కానివ్వలేదు. ఇది మీ పక్క, మా పక్క అని రాసే కాగితం కాదమ్మా, మూడు ఊళ్లకూ ఒకటే పాఠం ఉండాలి అన్నాను. ఆమె సరే మేడమ్ అని కాగితం తిరిగి ఇచ్చింది. ఈ సంభాషణ నా రిజిస్టరులో లేదు. రాసుకోవలసినంత ముఖ్యమైనదని అప్పట్లో అనిపించలేదు.

నియమం ప్రకారం నా తెలుగును ఎవరో తెలియని మరొక మనిషి తిరిగి ఇంగ్లీషులోకి మార్చి పంపాలి. రెండు ఇంగ్లీషులూ ఒకటైతే తెలుగు సరైనదని లెక్క. నా మాట సరిగ్గా ‘ఎగ్జాస్టెడ్’ అయి తిరిగి వచ్చింది. కమిటీ మెచ్చుకుంది, డాక్టరుగారు సంతకం చేశారు. ఆ మాట ఇంగ్లీషు నుంచి తెలుగుకు, తెలుగు నుంచి ఇంగ్లీషుకు ప్రయాణం చేసి వచ్చింది. దారిలో రోగి అనేవాడు ఒక్కడు కూడా దానికి ఎదురుపడలేదు.

ఇరవై ముగ్గురికి చీటీలు ఇచ్చాం. రైతుకు నేనే స్వయంగా ఇచ్చాను. ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదువుకున్నాడు. అర్థమయిందా అప్పా అని అడిగాను. అయింది అన్నాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఆధార్ కార్డు ఉంచుకునే ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నాడు. ఆ రోజు నేను వ్యానులో మదనపల్లె దాకా పాట ఒకటి కూనిరాగం తీశానని డ్రైవరు తర్వాత అందరికీ చెప్పాడు.

మూడు నెలల తర్వాత ఒక బుధవారం, అదే కుప్పం గది.

కౌన్సెలర్ ఆయన సంచిలోంచి మాత్రల డబ్బాలు తీసి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నెలకు ఒకటి చొప్పున ఇచ్చిన మూడు డబ్బాల్లో రెండింటికి మూత కూడా విప్పలేదు. మొదటి దానిలో నాలుగు మాత్రలు తక్కువ, అంతే.

“ఏమప్పా, మాత్రలు ఏసుకోలేదా?” అని ఆమె అడిగింది.

“నిలిపినాను తల్లీ,” అన్నాడు ఆయన, ఏదో మంచి పని చేసినట్టు. “ఈయమ్మే కదా రాసిచ్చింది, కణాలు అలిసిపోయినాయని.”

నేను ట్యూబుల మీద సంఖ్యలు రాస్తున్నదాన్ని ఆగిపోయాను. అలసిపోయాయని రాస్తే మాత్రలు ఎందుకు ఆపారని అడిగాను.

“ఎద్దు అలిసిపోతే కాడి దించుతాం కదమ్మా. మాత్రంటే ములుగర్ర మాదిరి. పొడిసి పొడిసి పని సేపిస్తాది. అలిసిపోయినదాన్ని మల్లా పొడిస్తే కూలబడిపోదా? అందుకే రొన్నాళ్లు వాటికి రెస్టిచ్చినాను.” నేను వేరుగా అనుకుంటానేమోనని, “నేనేం రెస్టు తీసుకోలేదమ్మా. రాగులన్నీ నేనే కోసినాను,” అన్నాడు.

బయటి బల్ల మీది నుంచి భార్య లేచి వచ్చింది. “నేను ఆ పొద్దే అంటిని, మాత్ర ఆపమని యాడ రాసుండారు అని. ఆందోళన వద్దని రాసుండాదే, సూడు అని కాగితం సూపించినాడు. ఇప్పుడు పది దినాలుగా కూడు ముట్టేది లేదు, ఒకటే వాంతులు.”

ఆయనను కిటికీ వైపు తిప్పి కళ్లు చూశాను. తెల్లగా ఉండవలసిన చోట పసుపు పాకి ఉంది.

డాక్టరుగారికి ఫోను చేశాను. ఆయన నాలుగే ప్రశ్నలు వేశారు. ఎన్నాళ్లయింది, వాంతులా, మనిషి మాట తడబడుతోందా, పొట్ట ఉబ్బిందా. జవాబులు విని, రైలు కోసం చూడవద్దు, మీ వ్యానులోనే బెంగళూరు పంపండి, నేను ఆసుపత్రి గుమ్మం దగ్గర ఉంటాను అన్నారు. ఆ రోజు తీసిన రక్తాన్ని రైలుకు అందించవలసిన డ్రైవరు వ్యానుతో వెళ్లిపోయాడు. నా రిజిస్టరులో ఆ బుధవారం వరుసలన్నీ ఖాళీగా ఉంటాయి. మొత్తం ఉద్యోగంలో నేను కావాలని వదిలేసిన వరుసలు అవే.

వ్యాను ఎక్కేటప్పుడు ఆయన భార్య నా చేయి పట్టుకుంది. “బతుకుతాడా అమ్మా?”

నాకు తెలియదమ్మా అన్నాను. ఆ ప్రాజెక్టులో నేను వాడిన మాటల్లో అది ఒక్కటే పొల్లుపోకుండా సరైన అర్థంతో ఎదుటి మనిషికి చేరింది.

వ్యాను వెళ్లాక నేనూ కౌన్సెలరూ ఆ గదిలోనే కూర్చున్నాం. ఏడవడానికి తీరిక లేదు. చీటీలు అందుకున్నవాళ్లు ఇంకా ఇరవై ఇద్దరు ఉన్నారు. ఎవరికి ఏ తేదీన ఏ సంఖ్య చీటీ ఇచ్చానో నా దగ్గర ఉంది కాబట్టి వరుసగా ఫోన్లు చేశాం. ఆమె మాట్లాడింది, నేను రాసుకున్నాను. నేను మాట్లాడతానని అనే ధైర్యం నాకు లేదు. ఫోను ఎత్తనివాళ్ల ఇళ్లకు మరుసటి రోజు నుంచి బస్సుల్లో, ఆటోల్లో తిరిగాం.

చాలామంది మాత్ర మానలేదు. చీటీ చదవకుండా దాచుకున్నవాళ్లు కొందరు, చదివి భార్యనో కొడుకునో అడిగి తెలుసుకున్నవాళ్లు కొందరు. మదనపల్లెలో పట్టు దారం తీసే యూనిట్‌లో పనిచేసే ఒక ఆమె మాత్రం రోజు విడిచి రోజు వేసుకుంటోంది. మాకు వారానికి ఒకరోజు సెలవు ఉంది కదా మేడమ్, వాటికి యాల వద్దు అని అడిగింది. సెలవు కాస్త ధారాళంగా ఇచ్చిందన్నమాట. ఆమెను ఆ రోజే పరీక్షకు పంపాం. అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. పుంగనూరులో ఒక దర్జీ మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుంటున్నాడు గానీ ఇక రక్తం ఇవ్వనని భీష్మించాడు. “అలిసిపోయిన కణాల్ని గూడా ఇడిసిపెట్టరా మీరు? ఉన్నవి నాలుగు. వాటినీ సూదితో లాక్కుపోతారా?” అన్నాడు. కౌన్సెలర్ నవ్వాపుకోలేక గుమ్మం బయటికి వెళ్లింది. నాకు నవ్వు రాలేదు.

తిరుగు ప్రయాణంలో, పుంగనూరు బస్టాండులో, ఆ రోజు నువ్వు ఏమి చెప్పబోయావమ్మా అని ఆమెను అడిగాను. ఆమెకు గుర్తుంది. “మా పక్క పని సేసే పశువు అలిసిపోయిందంటే, దాన్ని ఇప్పి కట్టేయాలని అర్థం మేడమ్. ఊరికే సెప్పే మాట కాదది,” అంది. నన్ను తప్పు పట్టలేదు. పట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

రైతు పరిస్థితి మొదటి వారం బాగా లేదు. రోజూ ఉదయం డాక్టరుగారు నాకు రెండు అంకెలు పంపేవారు: కామెర్ల స్థాయి, రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం. అడగకుండానే పంపేవారు. ఆ అంకెలు అయిదు రోజులు పెరుగుతూ పోయాయి, ఆరో రోజు ఆగాయి, తొమ్మిదో రోజు దిగడం మొదలైంది. ఆసుపత్రిలో చేరిన రోజే రైతుకు మాత్ర మళ్లీ మొదలుపెట్టారు. డాక్టరుగారు నన్ను ఒక్క మాట అనలేదు. నేనే ఉండబట్టలేక, మీరు మొదట్లోనే వద్దన్నారు, నేనే వినలేదు అన్నాను. “వద్దన్నది నేనే, చదవకుండా సంతకం పెట్టింది కూడా నేనే. నాకు తెలుగు వచ్చు కదా మేడమ్,” అన్నారు.

ఈలోగా పై కార్యాలయం నుంచి ఒక పత్రం వచ్చింది. ఇలాంటిది జరిగితే కారణం రాసి పంపాలి. కారణం అన్న గడి వాళ్లే నింపి పంపారు: ‘వైద్య సలహా లేకుండా రోగి మందు నిలిపివేసినాడు.’ కింద సంతకం పెట్టమన్నారు.

ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ వాక్యం తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. అందులో ప్రతి మాటా నిజమే. అయినా మొత్తం వాక్యం అబద్ధం. ఆయన కాగితం చదివాడు, నమ్మాడు, తనకు తెలిసిన ప్రపంచంలో ఆ మాటకు ఏ అర్థముందో అదే శ్రద్ధగా ఆచరించాడు. మేము ఇచ్చిన సలహానే పాటించాడు. నేను ఆ గడిని కొట్టేసి పక్కన ఇలా రాశాను: ‘రోగికి ఇచ్చిన చీటీలో మాట తప్పు. మాత్ర ఆపవద్దని అందులో రాయకపోవడం రెండో తప్పు. రాసినది నేను.’ సంతకం పెట్టి పంపాను. తిరుగు టపాలో వెనక్కి వచ్చింది. మళ్లీ అదే రాసి పంపాను. మూడోసారి డాక్టరుగారు నా సంతకం పక్కన తన సంతకం కూడా పెట్టారు. అప్పుడు పై కార్యాలయంవాళ్లు ఊరుకున్నారు. అయితే చీటీలు ఇవ్వడం పూర్తిగా నిలిపివేయాలని ఉత్తరువు పంపారు. దానిని నేను ఎదిరించలేదు. పోరాడి తెచ్చుకున్నదాన్ని పోగొట్టుకున్నాక మిగిలేది సిగ్గు. సిగ్గుపడ్డ మనిషికి ఏ ఉత్తరువైనా సబబుగానే కనిపిస్తుంది.

దాదాపు రెండు నెలలకు ఆయన మళ్లీ కుప్పం గదికి వచ్చాడు. చొక్కా భుజాల మీద వేలాడుతోంది గానీ కళ్లు తెల్లబడ్డాయి. నేను ముందే అనుకున్న మాటలు చెప్పాను. కణాలు అలసిపోయాయని రాసిన మాట సరికాదు, ఆ తప్పు నాది, క్షమించమని అడిగాను. ఆయన ఆ మాటల వైపు పెద్దగా చూడలేదు. రక్తం ఇచ్చాడు, దూది అదిమి పట్టుకున్నాడు, బల్ల మీద నుంచి లేవలేదు.

“ఈ తూరి కాగితం ఇయ్యలేదే?”

ఇక ఇవ్వడం లేదప్పా, నిలిపేశారు అన్నాను.

“ఒక మాట తప్పు పోతే మాట్లాడేదే ఇడిసిపెడతారా?” ఆయన గొంతు పెంచలేదు. “అట్లయితే నాకు మల్లా ఏమీ తెలీదు. మాత్ర యాల మింగతాండానో అది గూడా తెలీదు. సచ్చిపోతావు మింగు అన్నారు ఆస్పత్రిలో. మింగతాండాను. సరే. కణాలు అలిసిపోలేదంటివే, మల్ల ఏమైనాయి అవి?”

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మొదటిసారి, పుస్తకం మూసి, నాకు తెలిసినంత మామూలుగా చెప్పడానికి ప్రయత్నించాను. వాటికి బలం ఉంది, కానీ ఒకే వైరస్‌ను రోజూ, ఏళ్ల తరబడి చూసి చూసి, చూసినా ఊరుకుంటున్నాయి అని. ఆయన వింటూ వింటూ తల ఊపడం మొదలుపెట్టాడు.

“మా ఊళ్లో ఏనుగుల కాపలా మాదిరి,” అన్నాడు.

గుమ్మం దగ్గర ఉన్న భార్య, “ఆ, అదే,” అంది.

“మొదుట్లో ఏనుగొచ్చిందంటే టపాకాయలు కాల్చేది, డబ్బాలు కొట్టేది, ఊరు ఊరంతా పరిగెత్తేది. దినామూ వస్తా ఉంటే? వచ్చిందిలే, పోతాదిలే అంటాము. వొంట్లో సత్తువ లేక కాదమ్మా. అలవాటు పడిపోయినాము. అప్పుడు కాపలావోడికి రెస్టిస్తే ఏమొస్తాది? ఉండే రాగులు గూడా పోతాయి. ఏనుగు రాకుండా కంచె ఎయ్యాల. నాలుగు దినాలు అది కనపడకపోతే, మల్లా వచ్చినప్పుడు మావోళ్లే లేచి కేకలేస్తారు.” దూది తీసి చూసుకున్నాడు. “అయితే మాత్ర ములుగర్ర కాదు. కంచె.”

కంచె అన్నాను నేను.

“అది రాయాల్సిండె,” అన్నాడు.

కౌన్సెలర్ అప్పటికే రాస్తోంది. ఈసారి నేను ఆమె కలం ఆపలేదు. కొత్త చీటీ ఆమె రాసింది, నేను అక్షరదోషాలు మాత్రమే దిద్దాను. మొదటి వాక్యం: ‘మాత్ర ఒక్కరోజు కూడా ఆపవద్దు.’ తర్వాతవి: ‘వైరస్‌ను రోజూ చూసి చూసి మీ కణాలు దానికి అలవాటు పడిపోయాయి. మాత్ర మీ కణాల మీద పనిచేయదు. వైరస్‌ను కంచెలాగా ఆపుతుంది.’ ఏనుగును కూడా పెట్టాం. చీటీలు తిరిగి మొదలుపెట్టాలని మళ్లీ ఉత్తరాలు నడిచాయి. ఆమె తెలుగు ఈసారి ఇంగ్లీషులోకి వెళ్లి వేరే మాటగా తిరిగి వచ్చింది. అది మూలంతో సరిపోలడం లేదని అభ్యంతరం పెట్టారు. ఆ అభ్యంతరానికి జవాబు నేను రాయలేదు, మితభాషి అని మొదట్లో చెప్పిన డాక్టరుగారు రెండు పేజీలు రాశారు. కమిటీ చాలా ఆలోచించి, శాస్త్రీయంగా ఉండదని ఏనుగును తీసేసింది. కంచెను ఉండనిచ్చింది.

చిన్నవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. ఎవరికైనా కాగితం ఇచ్చి ‘అర్థమయిందా’ అని అడగకండి. పెద్దవాళ్ల ముందు, తెల్లకోటు ముందు, ఎవరైనా అయింది అనే అంటారు. ఆ రోజు కిటికీ దగ్గర ఆయన కూడా అన్నాడు. ఇది చదువుకుని ఇంటికి వెళ్లాక ఏం చేస్తారు అని అడగండి. చెప్పే జవాబులో మీ మాట ఏ అర్థంతో చేరిందో బయటపడుతుంది. ఆ ప్రశ్న కనిపెట్టింది కూడా పుంగనూరు అమ్మాయే. మూడు ఊళ్లలోనూ, ప్రతి చీటీకీ, ప్రతి మనిషినీ ఆమె అదే అడిగేది. జవాబులు నేను రాసుకునేదాన్ని.

కొత్త చీటీల్లో మొదటిది రైతుకే ఇచ్చాం. ఆయన కిటికీ దగ్గరికి పోకుండా మా ముందే పైకి చదివాడు. భార్య రెండు చోట్ల సరిదిద్దింది. చదవడం అయ్యాక కౌన్సెలర్ అడిగింది, ఇంటికి పోయినాక ఏం చేస్తావప్పా అని.

“ఏం జేస్తాను, పొద్దుగూకక ముందే మాత్ర మింగతాను. ఆ తర్వాత పోయి కంచె సూసుకోవాల, ఒక పక్క తీగ తెగిండాది.”

ఆమె, నేను, ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మళ్లీ ఏ మాట ఎక్కడ ఏ అర్థం తెచ్చుకుందో అని నాకు భయం వేసింది. ఏ కంచె అప్పా అని నెమ్మదిగా అడిగాను.

ఆయన నన్ను జాలిగా చూశాడు.

“మా రాగిసేను కంచెమ్మా. మాత్ర మింగితే ఏనుగులు ఆగుతాయా?”